ఎడమ సీటు సాక్ష్యం

మా ఆఫీసులో ఎవరైనా ఉన్నారా లేరా అని తెలుసుకోవాలంటే ఆ మనిషి వైపు చూడనక్కర్లేదు. కారు ముందు ఎడమ సీటును అడిగితే చాలు. ఈ పద్ధతి మొదలవడానికి కారణం నేనే. తిట్టుకునేవాళ్లు తిట్టుకోవచ్చు, నేనూ రోజూ కాసేపు ఆ పనిలోనే ఉంటాను.

నా పేరు మద్దిలేటి. కడపలో తూకాల పర్యవేక్షణ మండలి జిల్లా కార్యాలయంలో డ్రైవరుని. కిరాణా కొట్లో కాటా, బంగారం అంగట్లో త్రాసు, సంతలో తక్కెడ నిజం చెబుతున్నాయో లేదో చూడటం మా అధికారుల పని. వాళ్లను అక్కడికి చేర్చి తిరిగి తీసుకురావడం నా పని. పద్దెనిమిదేళ్లు పాత జీపుతో కుస్తీ పట్టాక, నిరుడు కొత్త కారు వచ్చింది. ముందు రెండు సీట్లకూ ఎయిర్‌బ్యాగులు. ఎడమ సీటు మెత్త లోపల ఒక సెన్సరు ఉంటుంది. మనిషి కూర్చుంటే బరువును బట్టి పసిగట్టి, ఎయిర్‌బ్యాగ్‌ను సిద్ధంగా ఉంచుతుంది. ఎవరూ లేకపోతే దాన్ని ఆపేసి, సీటు ఖాళీ అని డ్యాష్‌బోర్డు మీద చూపిస్తుంది.

కారు వచ్చిన నెలలోపే హెడ్డాఫీసు నుంచి రెండు ఆదేశాలు దిగాయి. మొదటిది, వాహన భద్రతా నియమావళి ఐదు సంపుటాలనూ ప్రతి కారులోనూ ముందు ఎడమ సీటు కింద, అధికారి చేతికి అందేటట్టు ఉంచాలి. రెండోది, డ్యాష్‌బోర్డు మీద కనబడే ప్రతి సూచననూ డ్రైవరు ట్రిప్పు ట్రిప్పుకూ లాగ్‌బుక్కులో నమోదు చేయాలి, 'స్వంత అభిప్రాయం ఎంతమాత్రం జోడించరాదు'.

ఐదు సంపుటాలూ గట్టి అట్టల బైండింగువి. కాటా కనబడితే ఏదో ఒకటి దాని మీద పెట్టకుండా ఉండలేని ఆఫీసు కాబట్టి వాటినీ తూచాం. ఇరవై తొమ్మిది కిలోలు. నాలుగు సంపుటాలు బుద్ధిగా సీటు కిందికి వెళ్లాయి. ఐదోది మొండికేసింది. ఆదేశం ఆదేశమే కదా, కాలితో ఒక్క తోపు తోశాను. లోపల ఏదో టక్కుమంది. పుస్తకం సర్దుకుందనుకున్నాను.

మర్నాడు రాయచోటి సంతకు బయలుదేరాం. నా పక్కన నీలవేణి మేడం. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నారు. మూడుసార్లు పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. మాట మెత్తన, తనిఖీ మాత్రం గట్టి. ఊరు దాటకముందే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది.

"ఏందన్నా అది?" అన్నారు మేడం.

"ఎయిర్‌బ్యాగ్ లైటు మేడం. మీ సీట్లో ఎవరూ లేరంటాంది."

"నేను యాడికి పోయినానంట?" అని నవ్వారు.

నేనూ నవ్వాను. సాయంత్రం లాగ్‌బుక్కు తీసి, ఆదేశంలో చెప్పినట్టే ఉన్నదున్నట్టు రాశాను: ఎడమ సీటు ఖాళీ. అంత చక్కటి చేతిరాతతో నేను ఇంకేదీ రాయలేదు.

మరుసటి రోజే రిపేరు కోసం సూపరింటెండెంటు పరాంకుశం గారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఇంట్లో మంచినీళ్లు అడిగినా 'పైన ఉటంకించిన విషయమై' అని మొదలుపెడతారని ఆఫీసులో అనుకుంటారు. ఆయన ఒక ఫారం ఇచ్చారు. అందులో 'లోపం వలన ఇబ్బందికి గురైన ప్రయాణికుని పేరు' అని ఒక గడి. మేడం పేరు రాసిచ్చాను. రెండు రోజుల తర్వాత ఫారం తిరిగొచ్చింది.

"చూడు మద్దిలేటీ," అన్నారు పరాంకుశం గారు, కళ్లజోడు పైకి తోసుకుంటూ. "సదరు తేదీన సదరు సీటు ఖాళీగా ఉన్నదని నీవే నమోదు చేసియున్నావు. లేని ప్రయాణికురాలికి ఇబ్బంది ఎట్లు కలుగును?"

"ఆమె ఉన్నింది సార్. సెన్సరు చెడిపోయింది."

"సెన్సరు చెడినదని ఎవరు నిర్ధారించిరి?"

"నాకు కనబడతాంది కదా సార్."

"అది నీ స్వంత అభిప్రాయము. పైగా ఖాళీ సీటుకు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకొనకపోయినచో వచ్చు నష్టమేమి?"

ఫారం మడిచి జేబులో పెట్టుకుని కారు తీశాను. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. కింది నుంచి బరువు లారీలు మూలుగుతూ ఎక్కుతుంటాయి, పైనుంచి వచ్చేవి బ్రేకులు నమ్ముకుని దిగుతుంటాయి. ఆ మలుపుల్లో నేను బ్రేకు తొక్కినప్పుడల్లా నా ఎడమ చెయ్యి దానంతటదే లేచి మేడం ముందు అడ్డంగా నిలబడేది. ఎయిర్‌బ్యాగ్ లేదు కదా, నా చెయ్యే ఎయిర్‌బ్యాగ్. మొదట్లో మేడం ఉలిక్కిపడేవారు. తర్వాత అలవాటు పడ్డారు. ఇలా నలభై ఒక్క రోజులు తిరిగాం. నలభై ఒక్కసార్లు నేను సీటు ఖాళీ అని రాశాను.

అప్పుడు ఆడిటు వచ్చింది.

ఆడిటు వాళ్లు కారును చూడలేదు, మేడంనూ చూడలేదు. లాగ్‌బుక్కు చూశారు. వెళ్లిన వారానికి మేడంకు మెమో అందింది. 'నలభై ఒక్క దినములు మీరు తనిఖీకి వెళ్లినట్లు డైరీలో వ్రాసికొన్నారు. సదరు దినములలో వాహనపు అధికారి సీటు ఖాళీగా నున్నట్లు తేలినది. మీరు వెళ్లలేదని ఎందుకు భావించరాదో తెలుపవలెను.'

ప్రొబేషన్ పూర్తికావాలంటే రెండేళ్లలో నూరు రోజులు బయట తనిఖీలు చేసి ఉండాలి. మేడం చేసినవి సరిగ్గా నూరు. అందులోంచి నలభై ఒకటి తీసేస్తే ఉద్యోగం పోతుంది. ఇంట్లో ఆ జీతం తప్ప వేరే ఆధారం లేదు. ఆమె ఆ మెమో పట్టుకుని కారు షెడ్డు దగ్గరికి వచ్చారు.

"నేను లేనా మద్దిలేటన్నా? నువ్వు చెప్పు. నేను నీ పక్కన లేనా?"

నవ్వుతూనే అడిగారు, గొంతు మాత్రం నవ్వలేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ లాగ్‌బుక్కును పొయ్యిలో పెట్టాలనిపించింది. అది ప్రభుత్వ ఆస్తి.

మేడం సంజాయిషీలో సంతలో రాసిన కేసులన్నీ చూపించారు. ఎర్రగడ్డల, అంటే ఉల్లిపాయల, మండీలో సిద్ధప్ప అనే వ్యాపారి తక్కెడ పళ్లెం కింద అయస్కాంతం దొరికింది. ఆ తక్కెడను ఆమె స్వయంగా పట్టుకుని సీలు వేసి ఆఫీసులో జమ చేశారు. అంతకన్నా రుజువు ఏం కావాలి? పరాంకుశం గారు సంజాయిషీ చదివి, లోతుగా ఆలోచించి, ఫైలు మీద రాశారు: రాని అధికారి పట్టుకున్న తక్కెడ చట్టప్రకారం పట్టుబడినట్లు కాదు. కావున సదరు తక్కెడను దాని యజమానికి విచారము తెలియజేయుచూ వాపసు చేయవలెను.

తీసుకెళ్లింది నేనే. అయస్కాంతం కూడా విడిగా కవర్లో పెట్టి, రశీదు రాయించుకుని ఇచ్చాను. ఆ తర్వాతి సంతలో మేడం మండీలో అడుగుపెట్టగానే సిద్ధప్ప గల్లాపెట్టె మీంచి లేచి చేతులు కట్టుకుని, "మేడం, ఈ పొద్దు వచ్చినట్టా, రానట్టా?" అని అడిగాడు. మండీ అంతా గొల్లుమంది. మేడం అతని తక్కెడ తిప్పి చూశారు. అయస్కాంతం యథాస్థానంలో ఉంది.

విషయం పెద్దదైంది కాబట్టి ఒక సంఘం వేశారు. పేరు ఆసీన నిర్ధారణ సంఘం. అధ్యక్షులు మా జిల్లా అధికారి దామోదరం సార్, కార్యదర్శి పరాంకుశం గారు. ఆఫీసు ఆవరణలో కారు నిలబెట్టి, వేపచెట్టు నీడన కుర్చీలు వేసి విచారణ జరిపారు.

మొదట మేడంను మా కాటా మీద నిలబెట్టారు. యాభై నాలుగు కిలోలు. తర్వాత సీట్లో కూర్చోబెట్టారు. సీటు ఖాళీ. పరాంకుశం గారు మినిట్సులో రాసుకున్నారు: బరువు కలదు, మనిషి లేదు.

తర్వాత మా ఆఫీసు ప్రామాణిక తూకపురాళ్లు తెచ్చారు. జిల్లాలో ప్రతి కాటానూ సరిచూసేది వాటితోనే. ఇరవై కిలోల రాళ్లు నాలుగు సీటు మీద పెట్టారు. సీటు ఖాళీ. వేపచెట్టు కింద సంఘానికి చిక్కొచ్చి పడింది. ఎందుకంటే సీటు నిజమైతే రాళ్లు తప్పు, రాళ్లు తప్పయితే జిల్లాలో మేం ముద్ర వేసిన కాటాలన్నీ తప్పు. రాళ్లు నిజమైతే సీటు తప్పు, ఈ కారు అన్ని విధాలా సక్రమమని సంతకం పెట్టి తీసుకున్నది దామోదరం సార్.

చివరికి పరాంకుశం గారే దారి చూపించారు. "రాళ్లూ తప్పు కాజాలవు, సీటూ తప్పు కాజాలదు. కావున సీటుపై రాళ్లు ఉంచబడలేదని భావించుట ఉచితము."

"ఉచితమే," అన్నారు దామోదరం సార్ ఊపిరి పీల్చుకుని. రాళ్లు మోసిన అటెండరు సుంకన్న మాత్రం నడుం పట్టుకుని నా వైపు చూశాడు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. దామోదరం సార్‌కు ఉత్సాహం వచ్చింది. "ఒక్క నిమిషం, నేను కూర్చుంటా. అధికారంటే ఏమిటో దానికి తెలుస్తుంది," అని వెళ్లి సీట్లో కూర్చున్నారు. ఆయన తొంభై ఎనిమిది కిలోలు. కారు ఎడమ వైపు ఒరిగింది. డ్యాష్‌బోర్డు సీటు ఖాళీ అంది.

పరాంకుశం గారు పెన్ను ఆపలేదు. ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తూనే రాశారు: జిల్లా అధికారివర్యులు విచారణ స్థలమున లేరు.

"ఏయ్, ఏం రాస్తాండావు పరాంకుశం? నేను ఈడ కూర్చోని ఉంటే!"

"క్షమించాలి సార్. ఇన్‌స్పెక్టరుకు ఒక నియమము, తమకు ఒక నియమము ఉండజాలదు కదా."

మినిట్సు హెడ్డాఫీసుకు వెళ్లాయి. పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. కడప జిల్లా అధికారి పోస్టు ఖాళీగా ఉన్నట్లు తెలియవచ్చినందున, తగు ఏర్పాటు జరిగే వరకు సూపరింటెండెంటు పరాంకుశం ఆ బాధ్యతలు కూడా నిర్వహించవలెను. పరాంకుశం గారు ఎంతో బాధతో ఆ కుర్చీలో కూర్చుని, దాని మీది తెల్ల తువ్వాలు ఆ రోజే మార్పించారు. దామోదరం సార్ వరండాలో బెంచీ మీద, అర్జీలు పట్టుకొచ్చిన వ్యాపారుల మధ్య సర్దుకున్నారు.

అక్కడ కూర్చున్నాకే ఆయనకు కారు చెడిపోయిందన్న అనుమానం వచ్చింది. మూడో రోజు మెల్లగా షెడ్డు దగ్గరికి వచ్చారు. "మద్దిలేటీ, ఎవురికీ చెప్పొద్దు. దీన్ని ఎవురికన్నా చూపిచ్చు."

మెకానిక్ మాబుపీరా దగ్గరికి తీసుకెళ్లాను. ఏడురోడ్ల కూడలి దగ్గర చిన్న షెడ్డు అతనిది. నీలవేణి మేడం కూడా వచ్చారు. ప్రొబేషన్ గడువు ముగియడానికి నాలుగు రోజులే ఉన్నాయి, ఇంట్లో కూర్చోలేకపోయారు. మాబుపీరా స్టీరింగు కింద చిన్న యంత్రం తగిలించి చూశాడు.

"ఎడమ సీటు సెన్సరు దగ్గర్నుంచి కబురే రావడం ల్యా. సెన్సరు సచ్చిపోయిందో, తీగే తెగిందో చూడాల," అని బ్యాటరీ వైరు తీసి పక్కన పెట్టాడు. "పది నిమిషాలు ఆగుదాం. ఎయిర్‌బ్యాగ్ యవ్వారం, కరెంటు మిగిలుంటే మూతి మీద పేల్తాది." పది నిమిషాలూ టీ తాగి, సీటు వెనక్కి జరిపి, టార్చి వేసి వంగాడు. వంగినవాడు అలాగే నవ్వడం మొదలుపెట్టాడు.

"అన్నా, ఈ పుస్తకాలేంది?"

"భద్రతా నియమావళి."

"ఎవురు కుక్కినారు దీన్ని?"

నేను కాలు వెనక్కి తీసుకున్నాను. అతను ఐదు సంపుటాలనూ ఒక్కొక్కటిగా లాగి బయట పెట్టాడు. ఐదోదాని అట్ట మూల దగ్గర పసుపుపచ్చ ప్లగ్గు ఒకటి సగం ఊడి వేలాడుతోంది. దాన్ని వేలితో నొక్కాడు. టక్కుమంది. బ్యాటరీ తగిలించి, యంత్రంతో పాత తప్పు చెరిపేశాడు.

"కూచో మేడం."

మేడం కూర్చున్నారు. ఎర్ర లైటు ఆరిపోయింది. సీటు ఖాళీ అన్న మాట పోయి మనిషి బొమ్మ వచ్చింది. మేడం ఆ బొమ్మను చాలాసేపు చూశారు. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. సంతోషం వల్లో, ఒక ప్లగ్గు కోసం ఇన్ని నెలలు లేని మనిషిగా బతికినందుకో, అడిగే ధైర్యం నాకు రాలేదు.

"ఈ పుస్తకాలు మాత్రం మళ్లా సీటు కింద పెట్టొద్దన్నా," అన్నాడు మాబుపీరా.

కారు ఆఫీసుకు తెచ్చేసరికి దామోదరం సార్ పరుగున వచ్చి సీట్లో కూర్చుని, సీటు తనను గుర్తించగానే కారులోనే, ఒడిలో అట్ట పెట్టుకుని, విధుల్లో చేరుతున్నట్టు రాసి సంతకం చేశారు. ఇక మేడం కష్టం తీరినట్టేనని నేననుకున్నాను. అది నా స్వంత అభిప్రాయం.

సార్‌కు తన కుర్చీ తిరిగి ఇప్పించింది ఆ సీటే. దాని మీద ఆయనకు భక్తి కుదిరింది. "సీటు అబద్ధం చెప్పదు. ఈ పొద్దు నేను ఉన్నానని చెప్పింది, ఉన్నాను. ఆ పొద్దు ఆమె లేదని చెప్పింది, లేదు," అన్నారు. తను లేని రోజులకు సెలవు పెట్టుకున్నారు. మేడంకు మాత్రం పెద్ద మనసుతో గడువు మూడు నెలలు పొడిగించి, నలభై ఒక్క రోజులూ మళ్లీ తిరగమన్నారు.

"తిరుగుతాలే అన్నా. ఈసారన్నా లెక్కలోకొస్తా కదా," అన్నారు మేడం.

ఇంతలో పరాంకుశం గారికి సంపుటాలు గుర్తొచ్చాయి. సీటు కింద పెడితే ప్లగ్గు ఊడుతుందని బతిమాలాను. ఆయన ఆదేశాన్ని మూడుసార్లు చదివారు. "కింద కుదరనిచో పైన ఉంచుట తప్ప గత్యంతరము లేదు. అధికారి చేతికి అందవలెననుటయే ముఖ్యము."

"మరి మేడం యాడ కూర్చుంటుంది సార్?"

"వెనుక కూర్చొనవచ్చును. అధికారి ఎక్కడ కూర్చున్ననూ అధికారియే కదా."

మొదటి రోజు మేడం ఆ పుస్తకాలను ఒళ్లో పెట్టుకుని ముందే కూర్చోవాలని చూశారు. ఇరవై తొమ్మిది కిలోలు. చింతకొమ్మదిన్నె చేరేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి. దిగి వెనక్కి వెళ్లారు. సంపుటాలను సీటు మీద పేర్చాను. కారు కుయ్యోమని గోల పెట్టింది. బెల్టు పెట్టలేదని దాని బాధ. ఐదు పుస్తకాల చుట్టూ బెల్టు తిప్పి బిగించాను. గోల ఆగింది. డ్యాష్‌బోర్డు మీద మనిషి బొమ్మ వచ్చింది.

సాయంత్రం లాగ్‌బుక్కులో ఉన్నదున్నట్టు రాశాను: ఎడమ సీటులో మనిషి ఉన్నారు. పరాంకుశం గారు చూసి, ఇంతకాలానికి క్రమశిక్షణ కనబడిందని మెచ్చుకున్నారు. అలా నలభై రోజులు భద్రతా నియమావళి బెల్టు పెట్టుకుని, ఎయిర్‌బ్యాగ్ రక్షణలో రాయచోటికి వెళ్లొచ్చింది. వెనక సీట్లో ఫైళ్ల మధ్య ఇరుక్కుని మేడం వెళ్లొచ్చారు. సిద్ధప్ప తక్కెడ మరోసారి పట్టుబడింది. ఈసారి కేసు నిలబడింది. ముందు సీట్లో మనిషి ఉన్నారు కాబట్టి.

నలభై ఒకటో రోజు గువ్వలచెరువు ఘాట్ దిగుతుంటే మలుపులో ముందు లారీ ఉన్నట్టుండి ఆగిపోయింది. బ్రేకు తొక్కాను. చాల్లేదు. నా ఎడమ చెయ్యి అలవాటు ప్రకారం లేచి పక్క సీటుకు అడ్డంగా నిలబడింది. నేను కాపాడబోయింది ఐదు సంపుటాలనని ఆ క్షణంలోనే నాకు తెలిసింది. అంతలో రెండు ఎయిర్‌బ్యాగులూ ఢామ్మని తెరుచుకున్నాయి. తెల్ల దుమ్ము సర్దుకున్నాక చూస్తే సంపుటాలు ఎయిర్‌బ్యాగ్‌కు ఆనుకుని హాయిగా ఉన్నాయి. ఒక్క పేజీ నలగలేదు. వెనక నుంచి చిన్న మూలుగు వినబడింది. మేడం కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

ఆమెను ఆస్పత్రిలో చేర్చి ఆఫీసుకొచ్చి లాగ్‌బుక్కు తెరిచాను. ఎడమ సీటులో మనిషి ఉన్నారు అని రాశాను. పెన్ను మూతపెట్టాను. మళ్లీ తీశాను. ఇన్నేళ్ల సర్వీసులో మొదటిసారి నా స్వంత మాట జోడించాను: వెనక సీటులో నీలవేణి మేడం ఉన్నారు. నేను చూశాను.

పదిహేను రోజులకు మేడంకు ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. ప్రొబేషన్ తృప్తికరంగా పూర్తయిందని మొదటిది. రెండోది ఆమె వైద్య సెలవు గురించి: ప్రమాద సమయమున అధికారి సీటు ఎయిర్‌బ్యాగ్ సక్రమముగా పనిచేసినందునను, అందు ఆసీనులైనవారికి ఎట్టి గాయమూ కానందునను, సెలవు మంజూరు చేయుటకు వీలుపడదు. చేతికి కట్టుతో ఆఫీసుకొచ్చి, ఆ రెండింటినీ అందుకున్నట్టు ఎడమ చేత్తో సంతకం గిలికారు.

"నేను ఉన్నానని ఒప్పుకున్నారు మద్దిలేటన్నా," అన్నారు. "నా చెయ్యే లేదంట."

అదే రోజు నాకూ మెమో అందింది. డ్యాష్‌బోర్డు సూచనలకు స్వంత అభిప్రాయం జోడించిన కారణమేమో మూడు దినములలో తెలుపవలెను అని. మూడు రోజులు అక్కర్లేకపోయింది. అక్కడే, పరాంకుశం గారి బల్ల మీదే రాసిచ్చాను.

'వెనక సీటుకు సెన్సరు లేదు సార్. అందుకని నేనే చూడాల్సి వచ్చింది.'